బర్రెల కొట్టంలో కోళ్లు

1973 మార్చిలో మా ఇంటి చివరి బర్రెను అమ్మేశాం. గడ్డి, తవుడు, పల్లి చెక్క ఖర్చు రాసి చూస్తే అది ఇచ్చే పాలకన్నా తినే మేతే ఎక్కువ పడుతోంది. కొన్నవాడు దాన్ని తోలుకుపోతుంటే మా అత్త గుమ్మంలోకి కూడా రాలేదు. వంటింట్లో కూర్చుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

చార్మినార్ దగ్గర శాలిబండలో ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికి కొట్టంలో ఐదు బర్రెలుండేవి. పాలు పోసేది మా అత్త, డబ్బు వసూలు చేసేదీ మా అత్తే. మా మామ బతికున్న కాలం నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ల జీతం ఇంటి ఖర్చుకు, పాల డబ్బు ఆడవాళ్ల చేతికి. పిల్లల ఫీజులు, మందులు, చీరలు, పుట్టింటికి పోయి వచ్చే చార్జీలు అన్నీ అందులోంచే వెళ్లేవి. మగవాళ్లను అడగనక్కర్లేదు, మా అత్తే ఆ ఖర్చులు చూసేది. బర్రెలు పోయిన మొదటి నెలలోనే నాకు తేడా తెలిసింది. పాపకు చెప్పులు కొనాలంటే మా ఆయనను అడగాల్సి వచ్చింది. ఆయన బస్సు డిపోలో ఫిట్టరు, మంచి మనిషి. డబ్బిచ్చారు, కాదనలేదు. కానీ ఇచ్చే ముందు "పాతవి ఏమైనయి?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. అంతకుముందు పదకొండేళ్లలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఏప్రిల్‌లో మా బావ, అంటే మా ఆయన అన్న, దబీర్‌పురా నుంచి వచ్చాడు. పెళ్లయిన ఏడాదికే వేరు కాపురం పెట్టిన మనిషి. చాయ్ తాగుతూ మా అత్తతో విషయం కదిపాడు.

"అమ్మా, కొట్టం ఖాళీగ పెట్టుకొని ఏం జేస్తవ్? ట్రంకు పెట్టెలు చేసే మిస్త్రీ ఒకాయన కిరాయికి అడుగుతున్నడు. మంచోడు. నెలనెలా నేనే వసూలు చేసి చూసుకుంట, నీకేం ఫికర్ లేదు."

చూసుకుంట అంటే కిరాయి ఆయన జేబులోనే ఉంటుందని మా అత్తకూ తెలుసు, నాకూ తెలుసు.  బర్రె పోయినప్పటి నుంచి ఆమె దేనికీ ఏమీ అనడం లేదు.

"కొట్టంల నేను కోళ్లు పెడుత," అన్నాను.

బావ నవ్వాడు. "నువ్వా? కోడిని కోస్తుంటే చూడలేక లోపటికి ఉరుకుతవు గదా."

"కోసేటందుకు గాదు బావా, గుడ్లకు."

"సాదుడు తెలుసా నీకు?"

"తెల్వదు. నేర్చుకుంట."

మా అత్త అప్పుడు నోరు విప్పింది. "వచ్చే ఏడు దసరా దాంక చూద్దం. నడిస్తే నడిచినట్టు. లేకుంటే కిరాయికిచ్చుడే." ఆ మాటతో ఆమె ఎవరి పక్షమూ వహించలేదు. గడువు మాత్రం పెట్టింది. నాకు గడువు చాలు.

జూలైలో సర్కారు కోళ్ల ఫారం నుంచి యాభై తెల్లకోడి పిల్లలను తెచ్చాను. పిల్ల రూపాయి పావలా చొప్పున అరవై రెండున్నర రూపాయలు. నా చేతి గాజు ఒకటి తాకట్టు పెట్టాను. చిల్లులు పొడిచిన అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే కండక్టరు ఆ కిచకిచలు విని, దానికి కూడా టికెట్ కొట్టాలా అని అడిగాడు. ఎదురింటి పెద్దామె, పిన్ని అనే అర్థంలో గల్లీ అంతా ఖాలా అని పిలిచే మనిషి, పెట్టె మూత ఎత్తి చూసింది. ఆమె ఇంట్లో ఎప్పుడూ పదీ పదిహేను నాటుకోళ్లు గల్లీ అంతా తిరుగుతుండేవి.

"ఇవి కోళ్లు గావు బేటీ, దూది ఉండలు. గాలొస్తె ఎగిరిపోతయ్," అంది.

ఎగిరిపోలేదు. అంతకన్నా అధ్వాన్నమైన పని జరిగింది. మేము వాటిని బర్రెల్లా పెంచాం.

ఇది మా ఇంటివాళ్లు తప్ప ఎవరూ చేయని పొరపాటు. ముప్పై ఏళ్లు పాడితో బతికిన ఇల్లు మాది. జీవం అంటే మాకు ఒకటే తీరు తెలుసు. కుడితి కలపాలి, తవుడు నానబెట్టాలి, చెక్క పిసికి వేయాలి, గుప్పెడు దొడ్డుప్పు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా కొట్టం కడగాలి. మా అత్త కొట్టం ఎలా కడిగేదంటే, పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లు. పిల్లలు వచ్చిన మర్నాడే ఆమె చాలా రోజుల తర్వాత తెల్లవారకముందే లేచింది. నాలుగు బొక్కెనల నీళ్లు పోసి, పొరక పట్టి, నేలను రాయి మెరిసేలా కడిగింది. సాయంత్రం మళ్లీ కడిగింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆమె లేచి పని చేస్తోంది గదా అని నేనే బావిలోంచి నీళ్లు తోడి ఇచ్చాను.

అది వానాకాలం. కొట్టం ఆరేది కాదు. మూడో వారంలో పిల్లలు రెక్కలు వేలాడేసి, మెడలు లోపలికి ముడుచుకుని, గుంపుగా మూలకు చేరాయి. రెట్టలో నెత్తురు కనిపించింది. దిష్టి అన్నారు. మిరపకాయలు తిప్పి వేశాం. ఖాలా వెల్లుల్లి నూరి ఇచ్చింది. పిల్లలు నలతగా ఉన్నాయని మా అత్త ఇంకో బొక్కెన నీళ్లు ఎక్కువ పోసి కడిగింది. రోజుకు ఐదూ ఆరూ చచ్చిపోసాగాయి.

చచ్చిన పిల్లనొకదాన్ని పాత గుడ్డలో చుట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లాను. అక్కడి కంపౌండరును అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. ముక్కోపి. పిల్లను బల్ల మీద కోసి, పేగు చీల్చి, లోపలి నెత్తురు నాకు చూపించాడు.

"కొట్టం ఎట్ల ఉంచుతరు?"

"మస్తు సాఫుగ ఉంచుతం సారూ. రోజుకు రెండుసార్లు కడుగుతం. నేల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు."

"మీరు తినుండ్రి. పిల్లలు మాత్రం చస్తయ్." చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఈ రోగం రెట్టలకెళ్లి వస్తది. తడి దొరికితే పెరుగుతది, ఎండితే చస్తది. మీరు రోజూ దానికి నీళ్లు పోసి సాదుతున్నరు. మేతల ఏం కలుపుతున్నరు?"

చెప్పాను. ఉప్పు అనగానే పట్టుకున్న కలం కింద పెట్టేశాడు.

"బర్రె ఎంత, పిల్ల ఎంతమ్మా? గుప్పెడు ఉప్పా?"

నీళ్లలో కలిపి ఇవ్వడానికి సల్ఫా మందు రాసిచ్చాడు. ఉప్పు మానేయమన్నాడు. మేత పొడిగా పెట్టమన్నాడు. నేల మీద బెత్తెడు మందాన వడ్ల ఊక పరవాలి, దాన్ని రోజూ కెలకాలి, వారానికోసారి కాస్త సున్నం పొడి చల్లాలి, ఒక్క చుక్క నీళ్లు పడకూడదు అన్నాడు. నేను చీటీ వెనక అన్నీ రాసుకున్నాను. మిగిలిన పిల్లల్లో పందొమ్మిది బతికాయి.

మందు దొరకడం తేలికే, ఊక కూడా దొరికింది. మా అత్తకు చెప్పడమే కష్టమైంది.

"కడిగితే చస్తయా?" అంది. "ముప్పై ఏండ్లు కడిగిన. ఒక్క దూడన్న చచ్చిందా నా చేతుల? వాడెవడు చెప్పేటోడు? వాని ఆస్పత్రి కంపు నాకు తెల్వదా?"

మర్నాడు తెల్లవారకముందే బొక్కెన చప్పుడు వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి కొత్త ఊక మీద సగం కొట్టం తడిసిపోయింది.  తడి ఊకంతా ఎత్తి పారేశాను, నేల తుడిచాను, కొత్తది పరిచాను. ఆ మధ్యాహ్నమే చార్మినార్ దగ్గరికి వెళ్లి ఒక తాళం కొని తెచ్చి కొట్టం తలుపుకు వేశాను. తాళంచెవి నా నడుముకు కట్టుకున్నాను.

కోడలు అత్తకు తాళం వేయడం మా గల్లీలో అంతకుముందు ఎవరూ వినలేదు. మా అత్త ఆ సంగతి గుమ్మంలో నిలబడి నలుగురికీ వినిపించేలా చెప్పింది. ఖాలా మధ్యవర్తిగా వచ్చింది.

"ఏందమ్మా ఈ లొల్లి? పెద్దమనిషిని బయట పెట్టి తాళమేస్తరా?"

"నా కొట్టానికి నాకే తాళం," అంది మా అత్త, నన్ను కాకుండా గోడను చూస్తూ.

"కొట్టం నీదే అత్తమ్మా. నేను తాళమేసింది నీళ్లకు," అన్నాను.

ఖాలాకు నవ్వొచ్చింది గానీ పైట అడ్డం పెట్టుకుంది. మా అత్త నవ్వలేదు. నాతో మాట్లాడటం మానేసింది. నేను వండింది తినేది, కానీ ఉప్పు తక్కువైందన్న మాట కూడా పాపతో చెప్పించేది. మా ఆయన రాత్రి భోజనం దగ్గర మెల్లగా, "ఒక పూట కడుగనియ్యరాదు, ఆమె మనసు నెమ్మదిపడుతది," అన్నారు. పందొమ్మిది పిల్లలున్నాయి, దేన్ని ఆమె మనసు కోసం ఇవ్వమంటారో చూపించమన్నాను. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

తాళం ఎక్కువ రోజులు ఉంచలేనని నాకు తెలుసు. ఊక ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి కంపౌండరు ఒక పద్ధతి చెప్పాడు. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిసకాలి. చెయ్యి విప్పితే రాలిపోవాలి. ఉండ కట్టిందంటే తడి ఉన్నట్టు. నాకు ఆ తేడా సరిగా తెలిసేది కాదు. ఒకరోజు పిడికెడు ఊక పట్టుకెళ్లి మా అత్త ముందు చాపాను.

"అత్తమ్మా, ఇది తడి ఉన్నదా, ఎండిందా? నాకు చెయ్యి తెలుస్తలేదు."

ఆమె చాలాసేపు నా చేతిని చూసింది. తర్వాత ఊకను తన గుప్పెట్లోకి తీసుకుంది. పిసికింది, విప్పింది, వాసన చూసింది. గడ్డి కొనేటప్పుడు వాములో మధ్యదాకా చెయ్యి దూర్చి లోపలి చెమ్మ చెప్పగలిగిన మనిషి ఆమె. అమ్మేవాళ్లు ఆమెకు భయపడేవాళ్లు.

"ఏ మూలది?" అంది.

"తలుపు పక్కది."

"తడి ఉన్నది. వాన జల్లు కొడుతున్నదాడ. గోనెపట్ట కట్టాలె." లేచి నిలబడింది. "తాళం తియ్."

తీశాను. ఆ రోజు నుంచి ఊక ఆమెది. రోజూ నాలుగు మూలలా చెయ్యి పెట్టి చూసేది. "ఆ నీళ్ల మట్టిపాత్ర కింద చూసినవా? ఉండ కడుతున్నది. ఏం కోడలివే నువ్వు?" అని నన్నే తిట్టేది. నేను సంతోషంగా తిట్లు పడ్డాను. ఇక పొద్దున్నే కడగాలన్న ఆమె చెయ్యి ఊరుకుంటుందా? గుమ్మం ముందు గల్లీ కడగడం మొదలుపెట్టింది. ఖాలా గుమ్మం దాకా కడిగేది.

ఆ పందొమ్మిదిలో ఎనిమిది పుంజులు తేలాయి. వాటిని అమ్మి గాజు విడిపించుకున్నాను. పదకొండు పెట్టలు 1974 జనవరిలో గుడ్లకు వచ్చాయి. వచ్చిన గుడ్లలో కొన్నిటికి పెంకు మెత్తగా, పొర మాత్రమే ఉండేది. సున్నం తక్కువైందన్నారు. మా అత్త తన పాన్ డబ్బీలోని తడి సున్నం తీసి నీళ్లలో కలిపింది. కోళ్లు ఒక గుక్క తాగి తలలు విదిలించి, మళ్లీ ఆ పాత్ర దగ్గరికి రాలేదు. నీళ్లు తాగని కోడి ఏం గుడ్డు పెడుతుంది? ఆ నీళ్లు పారబోసి, బేగంబజార్‌లో దాణా అమ్మే కొట్టుకు వెళ్లి ఆల్చిప్పల పొడి తెచ్చాను. దాన్ని మేతలో కలపకుండా వేరే చిప్పలో పెట్టాలి. కావలసిన కోడి కావలసినంత తింటుంది. గుడ్డు పెట్టనిది ముట్టుకోదు. ఈ విషయంలో కోడికి మనకన్నా తెలివి ఎక్కువ.

కొత్తగా కోళ్లు పెట్టేవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతారు, ఏమేం తెచ్చిపెట్టుకోవాలని. దుకాణంలో సీసాలు వరసగా పెట్టి చూపిస్తే అన్నీ కావాలనిపిస్తుంది. నా కొట్టం గూట్లో ఉన్నవి చెబుతాను. ఆల్చిప్పల పొడి. శనగ గింజంత చిన్న రాళ్లున్న కంకర ఇసుక. కోడికి పళ్లు లేవు, ఆ రాళ్లే దాని కడుపులో మేత నూరుతాయి, మూసిపెట్టి పెంచే కోడికి అవి మనమే ఇవ్వాలి. పిల్లలకు చలికాలంలో మేతలో కలపడానికి చేప నూనె, చిన్న సీసా. సల్ఫా మందు, కానీ అది రోగం కనిపించినప్పుడే, డాక్టరు చెప్పినన్ని రోజులే. ఊరికే బలానికి పోస్తే బలం రాదు. నీళ్ల పాత్రలు కడగడానికి లాల్ దవా, అదే పొటాషియం పర్మాంగనేటు. చలువ కోసమని దాన్ని ముదురు రంగు వచ్చేదాకా తాగే నీళ్లలో కలిపేవాళ్లను చూశాను. గులాబీ రంగు కూడా ఎక్కువే. పొడుచుకుని గాయాలైనప్పుడు పూయడానికి పసుపు, కొబ్బరినూనె. పేలు పట్టకుండా పొర్లాడడానికి ఒక మూల పొయ్యి బూడిద, ఇది డబ్బు పెట్టి కొనేది కాదు. ఇవన్నీ ఉన్నా ఊక తడిస్తే ఏవీ పనికిరావు. ఇవన్నీ ఉన్నా టీకా లేకపోతే ఒక్క వారంలో కొట్టం ఖాళీ అవుతుంది. ఆ రెండో సంగతి ఆ ఏడాది మే నెలలో మా గల్లీకి తెలిసింది.

మార్చిలో ఇంకో ముప్పై పిల్లలు తెచ్చాను. ఇరవై ఎనిమిది నిలిచాయి. అవి ఎనిమిది వారాల వయసుకు వచ్చేసరికి పక్క గల్లీలో కొక్కెర రోగం మొదలైందని ఖాలా చెప్పింది. కోడి మెడ వంకర తిరుగుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది. దానికి మందు లేదు. ముందే టీకా వేయించుకోవడం ఒక్కటే దారి.

పశువుల ఆస్పత్రికి వెళ్లాను. కంపౌండరు తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క బుడ్డిల నూరు కోళ్లకు టీకా ఉంటది. విప్పి కలిపినంక రెండు గంటలల్ల అయిపోవాలె. మిగిలింది పారేసుడే. నీకు ఎన్ని ఉన్నయ్?"

"ముప్పై తొమ్మిది."

"ముప్పై తొమ్మిదికి బుడ్డి విప్పిస్తె మా డాక్టరు నన్ను విప్పుతడు. నూరు చూపెట్టు, శుక్రవారం పొద్దుగాల నేనే వస్త."

అరవై ఒక్క కోళ్లు తక్కువ. ఇంటికి వచ్చి చెప్పేసరికి మా అత్త అప్పటికే కొంగు సర్దుకుంటోంది. "నువ్వు పోతే తలుపు తియ్యరు," అంది. "నేనొస్త పా."

నిజమే. ఆ గల్లీలో ముప్పై ఏళ్లు ఆమె ప్రతి తలుపు దగ్గరా నిలబడి పాలు పోసింది. పర్దా ఉన్న ఇళ్లలో కూడా ఆమె గొంతు వింటే తెర తీసేవాళ్లు. తలుపు తెరవడం ఒక ఎత్తు, ఒప్పించడం ఇంకో ఎత్తు. సూది పడితే కోడి గుడ్డు పెట్టదన్నది ఒకామె. ఏడెనిమిది రోజులు తగ్గుతాయి, తర్వాత మళ్లీ పెడుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకొకామె తన పుంజును చంకలో పెట్టుకుని, "ఇది బోనాలకు మొక్కుకున్న పుంజు. దీనికి సూది తగులొద్దు," అంది.

"రోగమొచ్చి చస్తే అమ్మకు ఏం పెడుతవే? గంపనా?" అని అడిగింది మా అత్త.

ఆమె పుంజును ఇచ్చింది. ఖాలా పదిహేను తెస్తానంది. సాయంత్రానికి మాట ఇచ్చినవి అరవై నాలుగయ్యాయి.

శుక్రవారం పొద్దున ఎండ ఎక్కకముందే కంపౌండరు సైకిల్ మీద వచ్చాడు. మంచు నింపిన ఫ్లాస్కులో బుడ్డి ఉంది. నేను ముందురోజే మంచుగడ్డ తెప్పించి ఊకలో పూడ్చిపెట్టాను. ఆడవాళ్లు గంపలతో, సంచులతో, ఒకామె ఏకంగా వంటపాత్రలో పెట్టి మూతేసి కోళ్లను తెచ్చారు. నేను తలుపులో నిలబడ్డాను. నలతగా ఉన్న కోడికి టీకా వేయకూడదు. వేస్తే అది చస్తుంది, పేరు సూదికి వస్తుంది. అందుకే ప్రతి కోడి కళ్లు, ముక్కు, వెనక ఈకలు చూసి లోపలికి పంపాను. నా కోళ్లలో కూడా ఒకదాన్ని పక్కన పెట్టాను. మా అత్త లోపల ముక్కాలి పీట మీద కూర్చుని, ఒక్కొక్క కోడిని మోకాళ్ల మధ్య ఇరికించి, రెక్క ఎత్తి పట్టుకుంటోంది. కంపౌండరు రెక్క కింద సూది గుచ్చుతున్నాడు.

"అమ్మా, గట్టిగ పట్టుకోకు, అది బర్రె గాదు," అన్నాడు.

"నువ్వు సక్కగ పొడువు, నేను సక్కగనే పట్టిన."

అరవై దాటాయో లేదో మా బావ వచ్చాడు. వెంట ఒక లావుపాటి మనిషి, చేతిలో కొలత టేపు. ట్రంకు పెట్టెల మిస్త్రీ. దసరా దాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే కొలుచుకుపోదామని తెచ్చాడట. గుమ్మంలో అరడజను గంపలు, లోపల ఈకలు, అరుపులు.

"ఏందిది? కొట్టమా, కోళ్ల మండీయా?" అన్నాడు బావ.

"జరగు బావా, వెలుగుకు అడ్డమొస్తున్నవ్," అన్నాను.

"అమ్మా, మిస్త్రీ కొలుచుకుంటడు, ఐదు నిమిషాలు."

మా అత్త తల ఎత్తలేదు. "చేతులు ఖాళీ లేవు. బుడ్డి కలిపిండ్రు. ఆగుమను."

మిస్త్రీ మాత్రం టేపు విప్పలేదు. ఆయన సూది వైపే చూస్తున్నాడు. "ఇది ఆ మెడ తిప్పే రోగానిదా డాక్టర్ సాబ్?" అని అడిగాడు.

"అదే. ఇంక నలభై దాంక ఉన్నది బుడ్డిల. తొందరగా కానియ్యాలె."

"మా ఇంట్ల ఆరున్నయ్. తేవచ్చునా?"

"తెండ్రి, తెండ్రి. పైసలు గిట్ల ఏం లేవు," అంది ఖాలా, బుడ్డి తనదే అయినట్టు.

మిస్త్రీ టేపును మా బావ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మా బావ ఆ టేపు పట్టుకుని కాసేపు నిలబడి, చివరికి ఎండ తగులుతోందని లోపలికి వచ్చాడు. మా అత్త వెంటనే ఒక పుంజును ఆయన చేతికి అందించింది. "ఇది మస్తు కొట్లాడుతున్నది. జర పట్టు."

మిస్త్రీ ఆరింటితో తిరిగి వచ్చాడు. ఐదు బాగున్నాయి. ఆరోది రెక్కలు వేలాడేసి ఉంది, ముక్కులోంచి కారుతోంది.

"ఇది వద్దు భాయ్. దీన్ని మిగతావాటితోని కలువనియ్యకుండ్రి," అన్నాను.

"అన్నిట్ల ఇదే మంచిది. రోజూ గుడ్డు పెడుతది."

"అయినా వద్దు."

"ఒక్కటే గదా అమ్మా."

"ఒక్కటే. లోపటికి రానియ్య."

బావ నాకు కళ్లతో సైగ చేశాడు. మిస్త్రీ మొహం ఎర్రబడింది. ఆయనకు కోపం వస్తే ఆ కొట్టం కిరాయికి తీసుకుని నా మీద కసి తీర్చుకోగలడని నాకు తెలుసు. అయినా తలుపులోంచి జరగలేదు. ఆయన కోడి ముక్కును తన రుమాలుతో తుడిచాడు. వెంటనే మళ్లీ కారింది. తల ఆడించాడు.

"నిజమే. ఓటి డబ్బకు రంగేసి అమ్మను నేను గూడ," అని దాన్ని గంపలో వేసి, గంపను రోడ్డు అవతల పెట్టి వచ్చాడు.

తొంభై ఎనిమిది కోళ్లకు టీకా పడింది. ఆ తర్వాతి పది రోజుల్లో గల్లీలో టీకా పడ్డ కోళ్లలో నాలుగు చచ్చిపోయాయి, అందులో ఒకటి నాది. రోగం అప్పటికే లోపల ఉన్నవాటిని సూది కాపాడదని కంపౌండరు ముందే చెప్పాడు, నేనూ తలుపు దగ్గర అందరికీ చెప్పాను. అయినా ఒకామె వచ్చి గుమ్మంలో అరిచింది. మా అత్త ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, మా కొట్టంలో చచ్చిన కోడిని పూడ్చిన చోటు చూపించింది. టీకా పడని ఇళ్లలో ఒక్క కోడీ మిగలలేదు. మిస్త్రీ వెనక్కు తీసుకుపోయిన కోడి మూడో రోజే పోయిందట. మిగతా ఐదూ బతికాయి.

మిస్త్రీ కొట్టం అడగడం మానేశాడు. మా బావతో, "ఆడోళ్లందరి కోళ్లు ఆడికే వస్తయ్ సూదికి. నేను తీసుకుంటే గల్లీల నడువనిస్తరా నన్ను?" అన్నాడట. బావ అంత తేలిగ్గా వదల్లేదు. వేరే మనిషిని వెతుకుతున్నానన్నాడు. దసరా నాడు జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కడానికి వచ్చినప్పుడు గడువు గుర్తుచేశాడు.

"అమ్మా, దసరా దాంక అన్నవు. ఏమాయె మరి?"

మా అత్త అప్పుడే కొట్టంలోంచి వచ్చింది. చేతులకు ఊక ధూళి ఉంది. "కొట్టం ఖాళీ లేదురా," అంది. అంతే. 

బావ భోజనం చేశాడు. వెళ్లేటప్పుడు, పిల్లలు అడుగుతున్నారు, ఒక డజను గుడ్లు కట్టివ్వమన్నాడు. మా అత్త ఏరి ఏరి పన్నెండు పెద్ద గుడ్లు ఊకలో పెట్టి గుడ్డ కట్టింది. కట్టి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

"మూడు రూపాయల అరవై పైసలు."

"నాకు గూడానా?"

"గల్లీకి ముప్పై పైసలే, నీకు గూడ ముప్పై పైసలే. కొడుకువని ఎక్కువేం తీసుకుంటలేను."

బావ నవ్వబోయి, ఆమె మొహం చూసి, జేబులో చెయ్యి పెట్టాడు. మా అత్త డబ్బు లెక్క చూసుకుంది. పాల డబ్బు ముప్పై ఏళ్లు ఆమె కొంగు ముడిలోనే ఉండేది, ఇంకొకరి చేతికి వెళ్లేది కాదు. ఈ డబ్బును మాత్రం నా వైపు చాపింది.

"చేప నూనె అయిపోయింది," అంది. "సలికాలమొస్తున్నది. ఇంకో యాభై పిల్లలను తెస్తవా, లేదా?"

"తెస్త," అన్నాను.